భయము – ప్రేమ : చంపారణ్యమున జన్మించిన వల్లభాచార్యుల పుష్టిమార్గము

రాయపూరు నగరమునకు ఆగ్నేయముగా మహానది, పైరి, సోండూరు నదులు కలియు చోట రాజిమ్ అను ప్రాచీన క్షేత్రము కలదు. దానికి చేరువనే, రాయపూరునకు సుమారు 50 కిలోమీటర్ల దూరమున, చంపారణ్యమను గ్రామమున్నది. 1917లో గాంధీమహాత్ముడు నీలిమందు రైతుల పక్షమున సత్యాగ్రహము సాగించిన బీహారు సీమలోని చంపారన్ వేరు, ఇది వేరు. ఈ గ్రామమున చంపేశ్వర మహాదేవుని ఆలయమును, వైష్ణవులు 'బైఠక్' అని వ్యవహరించు ఆచార్యపీఠమును కలవు. చుట్టునున్న వనమున చెట్టు కొట్టరాదను కట్టుబాటు కలదు. వచ్చు యాత్రికులలో ఎక్కువమంది గుజరాతు దేశపు వైష్ణవులు. పుష్టిమార్గ ప్రవర్తకులైన శ్రీ వల్లభాచార్యులు క్రీ.శ. 1479లో జన్మించిన స్థలమిదియేయని వారి విశ్వాసము. విజయనగరము, పార్వతీపురముల మీదుగా రాయపూరు చేరు రైలుమార్గము 1931లో పూర్తియైనది. ఆ దారిని వచ్చి ఈ నగరమున స్థిరపడిన తెలుగువారు పెక్కుమంది. వారి నివాసములకు ఇంత సమీపమున, అయిదున్నర శతాబ్దములకు పూర్వము, ఒక తెలుగు ఇల్లాలు నడిత్రోవలో ప్రసవించినదను సంగతి తెలుగు సారస్వత చరిత్రలలో అంతగా కానరాదు. ఆచార్యులు సంస్కృతమున రచించి, ఉత్తరాదిని నివసించి, వ్రజభాషా కవులను తీర్చిదిద్దినవారగుట అందులకు కారణము కావచ్చును.

ఆచార్యుల శుద్ధాద్వైత సిద్ధాంతమును గూర్చి విపులమైన చర్చలు జరిగినవి. ప్రకృతమునకు వలసినది అందలి యొక్క యంశము మాత్రమే : భయమునకును ప్రేమకును గల సంబంధము. ప్రేమ భయమును పోగొట్టునని అన్ని మతములును చెప్పుచున్నవి. ఎట్లు పోగొట్టునని ప్రశ్నించినచో సామాన్యముగా వచ్చు సమాధానము, మనలను ప్రేమించు బలవంతుడొకడు మనకు అండగా ఉన్నాడను నమ్మకము వలన, అని. వల్లభుల మార్గము ఈ సమాధానమును అంగీకరించుచునే, దానిని దాటి మరియొక దిక్కునకు నడచినది. అండగా నిలుచువాడు ఉండుట వలననే కాక, తన చేతి సేవకై ఎదురుచూచువాడొకడు ఉండుట వలన కూడ భయము తొలగును. ఈ రెండవ మాటయే పుష్టిమార్గమునకు ప్రాణము.

వల్లభుల వంశము ఆంధ్రదేశమందలి కాంకరవాడ గ్రామమునకు చెందిన వెలనాటి వైదిక కుటుంబము. భారద్వాజ గోత్రము, కృష్ణయజుర్వేద తైత్తిరీయశాఖ. పూర్వులు సోమయాజులు. నూరు సోమయాగములు పూర్తియైనచో ఆ యింట భగవదవతారము కలుగునని వరము లభించెననియు, నూరవ యాగము లక్ష్మణభట్టుగారి హయాములో పూర్తియైనదనియు సంప్రదాయము. లక్ష్మణభట్టుగారి ధర్మపత్ని పేరు హిందీ, గుజరాతీ గ్రంథములలో 'ఇల్లమ్మాగారూ' అని కానవచ్చును. ఇది తెలుగు పాఠకునకు ముచ్చట గొలుపు విషయము. 'గారు' అను గౌరవవాచకమును పేరులోని భాగముగా భావించి, అయిదు వందల యేండ్లుగా ఉత్తరాది భక్తులు ఆమెను అట్లే స్మరించుచున్నారు. దేవనాగరి లిపిలో హ్రస్వమైన 'ఎ'కారమునకు వాడుకలో ప్రత్యేకాక్షరము లేదు. కనుక ఆమె అసలు పేరు 'ఎల్లమ్మ' అయియుండి, లేఖకుల చేతిలో 'ఇల్లమ్మ'గా మారియుండుటకు అవకాశమున్నది. కొన్ని గ్రంథములలో 'యల్లమ్మ' అను రూపము కూడ కనబడుట ఈ యూహకు బలము. అట్లే ఆచార్యుల ధర్మపత్ని మహాలక్ష్మిని సంప్రదాయమున 'అక్కాజీ' అందురు. తెలుగు 'అక్క'కు హిందీ 'జీ' తోడైనది.

జన్మకథ యిట్లున్నది. లక్ష్మణభట్టుగారు కాశిలో కాపురముండగా, దండు వచ్చుచున్నదను వదంతి పుట్టినది. ఆ కాలము ఢిల్లీ లోడీ సుల్తానులకును, కాశికి సమీపముననున్న జౌన్‌పూరు షర్కీ సుల్తానులకును పోరు సాగుచున్న కాలమే యగుటచే వదంతికి తగిన హేతువు ఉన్నది. భట్టుగారు నిండు చూలాలు కాని గర్భవతియైన భార్యతోడను, కొలదిమంది సహచరులతోడను దక్షిణమునకు బయలుదేరిరి. చంపారణ్యము చేరునప్పటికి ఆమెకు అకాలమున నొప్పులు వచ్చినవి. చీకటిలో, అడవిలో, నెలలు నిండని బిడ్డ పుట్టెను. బిడ్డలో చలనము లేదు. మృతశిశువని తలచి, వస్త్రమున చుట్టి, జమ్మిచెట్టు తొర్రలో ఉంచి, ఆ దంపతులు సమీపగ్రామము చేరిరి. అనంతరము కాశికి ముప్పు తప్పినదని వార్త తెలిసినది. బిడ్డ బ్రతికియున్నాడని స్వప్నములో సూచన కూడ కలిగెనందురు. వారు తిరిగి వచ్చి చూడగా శిశువు చుట్టును అగ్ని వలయాకారమున వెలుగుచుండెను. నడుమ శిశువు ఆడుకొనుచుండెను. తల్లి ముందుకు నడచెను. అగ్ని దారి యిచ్చెను. ఆ దినము విక్రమశకము 1535, వైశాఖ కృష్ణ ఏకాదశి. తెలుగువారి అమాంత గణనమున అది చైత్ర బహుళ ఏకాదశి యగును.

ఇట్టి కథలను చరిత్రగా స్వీకరింపవలెనా, కల్పనగా త్రోసివేయవలెనా యను వివాదము నిష్ఫలము. కథ యేర్పడిన తీరు గమనింపదగినది. జమ్మిచెట్టు తెలుగువారికి దసరానాటి పూజావృక్షము, పాండవుల ఆయుధములను దాచిన వృక్షము. యాజ్ఞికులకు అది అంతకంటె ఆప్తము. జమ్మిపై మొలచిన రావికొమ్మనుండి అరణిని చేసికొని అగ్నిని మథించుట వారి ఆచారము; జమ్మి కడుపులో అగ్ని దాగియున్నదని వారి భావన. నూరు యాగములు చేసిన యింటి బిడ్డను జమ్మి ఒడిలో ఉంచి, ఆ జమ్మిలోని అగ్నిచేతనే కాపాడించుట యాజ్ఞిక కుటుంబపు ఊహకు సహజమైన కల్పన. ఇంకొక విశేషము. కథ మొదటి సగమంతయు భయము నడిపించినది : కాశిని విడుచుట, అడవిలో పడుట, బిడ్డను వదలుట. రెండవ సగమును నడిపించినది తల్లి మరలి వచ్చుట. చనిపోయెనని తలచిన బిడ్డకొరకు ఆమె మరల ఆ చెట్టు చెంతకు వచ్చినది. మంటను చూచియు ఆగలేదు. భక్తులు అగ్నిమహిమనే ఎక్కువగా కీర్తించుచుందురు గాని, ఇల్లమ్మగారి పాత్రకు రావలసినంత ప్రాముఖ్యము రాలేదనిపించును. బిడ్డకు పెట్టిన పేరు 'వల్లభ' శబ్దమునకు ప్రియమైనవాడని అర్థము.

భయమునకు మూలమేమి యను ప్రశ్న ఆ కుటుంబము అధ్యయనము చేసిన వేదశాఖలోనే యున్నది. తైత్తిరీయోపనిషత్తు ఆనందవల్లిలో, ఆ పరతత్త్వమునకును తనకును నడుమ రవ్వంత ఎడము కల్పించుకొన్నవానికి భయము కలుగునని చెప్పబడినది. బృహదారణ్యకము కూడ రెండవది యున్నప్పుడే భయమనుచున్నది. శంకరాచార్యుల మార్గమున దీనికి నివృత్తి స్పష్టము : రెండవది యథార్థముగా లేదని తెలిసికొనుట. వల్లభులును అద్వైతులే, కాని జగత్తు మిథ్య యనుటకు వారు సమ్మతింపరు. జగత్తు బ్రహ్మముయొక్క యథార్థ రూపము. భగవానుడు క్రీడకొరకు తానే పెక్కుగా అయినాడు. అప్పుడు రెండవది మాయమగుట అనావశ్యకము. ఆ రెండవది ప్రియమైనదగుట చాలును. ఎడము పోవుటకు జ్ఞానము ఒక దారి, స్నేహము మరియొక దారి. జగత్తు తన ప్రియుని రూపమేయైనపుడు, రేపు రానున్నది కూడ ఆ రూపములోనిదే యగును.

అయినను, ఆచార్యులకే ఒక శంక కలిగినట్లు వారి 'సిద్ధాంతరహస్యము' సాక్ష్యమిచ్చుచున్నది. దోషములతో నిండిన జీవుడు నిర్దోషియైన భగవంతునితో ఎట్లు కలియగలడు? గోకులమున, శ్రావణ శుక్ల ఏకాదశి నడిరేయి, దీనికి సమాధానము లభించినదని ఆ చిన్న గ్రంథము చెప్పుచున్నది. ప్రథమ శిష్యుడైన దామోదరదాస హరసాని ఆ సమయమున చెంతనుండెనని వార్తాగ్రంథముల కథనము. సమాధానమిది : సర్వమును సమర్పించి బ్రహ్మసంబంధము పొందిన జీవునియందలి సహజములు, దేశజములు, కాలజములు, సంయోగజములు, స్పర్శజములు అను పంచవిధ దోషములు లెక్కకు రావు. దోషములు మొదట తొలగి పిమ్మట స్వీకారము లభించుట కాదు, స్వీకారమే ముందు. క్రైస్తవుల నూతన నిబంధనములో యోహాను మొదటి పత్రికయందును ప్రేమకును భయమునకును వైరము చెప్పబడినది. అచట భయమనగా దండనభయము. ఇచట దండన ప్రసక్తి అల్పము. 'నేను తగనివాడను' అను సంకోచమే ఇచటి భయము. అది తొలగిన పిదప మిగులునది చింత.

ఆచార్యుల పదునారు చిన్న గ్రంథములకు 'షోడశగ్రంథములు' అని పేరు. వానిలో 'నవరత్నము' చింతను గూర్చినది. సేవలో మనస్సు కుదురక కలత చెందిన గోవింద దూబే యను శిష్యునకు దీనిని వ్రాసి పంపిరని సంప్రదాయము. తొమ్మిది శ్లోకముల ఈ గ్రంథముయొక్క సారము : ఆత్మసమర్పణ చేసినవాడు దేనిని గూర్చియు ఎన్నడును చింతింపరాదు, అనుగ్రహపరుడైన ప్రభువు తనవారికి లౌకికగతి కల్పింపడు, చిత్తమునకు ఉద్వేగము కలిగినప్పుడు అదియును ఆయన లీలయని తలచి త్వరగా చింత విడువవలెను. 'త్వరగా' అనుటలో అనుభవమున్నది. చింత పుట్టదని ఆచార్యులు చెప్పలేదు. పుట్టినదానిని పెంచరాదని చెప్పిరి. 'వివేకధైర్యాశ్రయము' అను మరియొక గ్రంథము ఇంకను కఠినము. భగవంతుని ప్రార్థించి కోరుట సైతము స్వామి యభిప్రాయమును శంకించుటయే యని అందు చెప్పబడినది. 'భక్తివర్ధిని' మాత్రము లోకానుభవమును ఆదరించినది. భక్తిబీజము దృఢపడుటకు ఇంటనే యుండి స్వధర్మము నడపుచు కృష్ణుని సేవింపుమని చెప్పి, ఆటంకము కలుగునను అనుమానమున్నచో ఏకాంతవాసము కూడదని హెచ్చరించినది. భయమున్నవానిని ఒంటరిగా అడవికి పంపు ధోరణి ఇందు లేదు. పండరీపురమున విఠ్ఠలస్వామి యాజ్ఞచే ఆచార్యులే వివాహమాడి గృహస్థులైరను కథ దీనికి అనుగుణముగా నున్నది. ఈ గ్రంథముననే భక్తి పెరుగు దశలు ప్రేమ, ఆసక్తి, వ్యసనము అని చెప్పబడినవి. 'వ్యసనము' అను మాట వినగానే తెలుగు పాఠకునకు జూదము, మద్యపానము స్ఫురించును. ఆచార్యులు ఆ బలమునే కోరిరి; విడువజాలని అలవాటు కానిది వారికి భక్తి కాదు.

ఈ బోధలు అండను నమ్మిన వానికి చెప్పినవి. వాని వెనుకనున్న రెండవ దిక్కును చూచుటకు భాగవతమునకు పోవలెను. ఆచార్యులు 'సుబోధిని' యను పేర దానికి వ్యాఖ్య రచించిరి; ముఖ్యముగా దశమస్కంధము వారికి సర్వస్వము. వల్లభుల జననమునకు ముందు వెనుకలుగా ఆ శతాబ్దముననే పోతనామాత్యుడు దానిని తెనిగించినాడు. ఒకే పురాణము ఒక్క నూరేండ్లలో ఒక తెలుగువాని చేత తెలుగునకును, మరియొక తెలుగువాని చేత ఉత్తరాది వైష్ణవమునకును ఆధారమైనది.

భాగవతమున భవిష్యత్తు నిశ్చయముగా తెలిసినవాడు కంసుడు. దేవకి అష్టమగర్భము తన మృత్యువని ఆకాశవాణి అతనికి చెప్పినది. ఆ తెలివి అతనికి శాంతి నీయలేదు. పురిటింటి పసికందులను చంపించినది. సప్తమస్కంధమున నారదుడు ధర్మరాజుతో పలికిన సందర్భమున, భయముచేత కృష్ణునియందే మనస్సు నిలిపి కంసుడును ముక్తి పొందెనని చెప్పబడినది నిజమే. భయమునకును ఏకాగ్రత యున్నది. అయినను ఆ యేకాగ్రత అతని కాలమునెల్ల హింసగా మార్చినది. అదే శిశువు యశోదకు దక్కినది. ఆమెకు రాబోవునది ఏమియు తెలియదు. ఒక్కసారి తెలిసినది : మన్ను తిన్నాడని నోరు తెరువుమన్నప్పుడు ఆ నోట బ్రహ్మాండమంతయు, వ్రేపల్లెయు, తానును కనబడిరి. ఆమె తత్తరపడినది; కలయా, మాయయా, తన బుద్ధిభ్రమయా యని సందేహించినది. పోతన ఆ ఘట్టమున వ్రాసిన పద్యము తెలుగువారికి కంఠస్థము. పిమ్మట పుత్రస్నేహమను రూపమున వైష్ణవమాయ ఆమెను కప్పినది. ఆ దృశ్యమును మరచి, బిడ్డను ఒడిలోనికి తీసికొన్నది. అద్వైతపక్షమున ఇది జ్ఞానమునుండి అజ్ఞానమునకు జారుటగా తోచవచ్చును. పుష్టిమార్గమువారి దృష్టిలో ఇదియే పై మెట్టు. విశ్వరూపము ముందు వణకుట కంటె, ఆ విశ్వమునకు పాలు పట్టుట మిన్న.

స్నేహమున్న చోట భయమే యుండదనుట అనుభవవిరుద్ధము. ప్రేమించినవాడు కీడునే ముందుగా శంకించును. పూతన చచ్చిన పిమ్మట గోపికలు బిడ్డకు ఆవుతోకతో దిగదుడిచి రక్షలు కట్టిరి. భయము అక్కడ నున్నది. కాని దాని స్వభావము మారినది. కంసుని భయము తనకొరకు, గోపికల భయము బిడ్డకొరకు. మొదటిది పరిగెత్తించును, లేదా చంపించును; రెండవది చేతికి పని కల్పించును. ఇంగ్లండునందలి వైద్యుడు జాన్ బౌల్బీ 20వ శతాబ్దమున శిశువుల ప్రవర్తనను పరిశీలించి, ఆప్తురాలైన తల్లి చెంతనున్నదను ధైర్యముననే శిశువు అపరిచితమైన దానివైపు సాహసించి పోవునని నిరూపించినాడు. మతములు పెక్కు భక్తుని ఈ శిశువు స్థానమున నిలిపినవి. పుష్టిమార్గము వాత్సల్యభక్తియందు భక్తుని తల్లి స్థానమున నిలిపినది. తాళ్ళపాక అన్నమాచార్యులు (1408–1503) తిరుమలలో మేలుకొలుపులు, జోలలు పాడినది ఈ కాలముననే యగుట కేవలము యాదృచ్ఛికము కాదేమో. ఆ తరమున దేవుని బిడ్డగా సాకవలెనను కోరిక పెక్కు తావుల ప్రబలినది.

ఆ కోరికకు ఏర్పడిన దినచర్యయే 'సేవ'. దీనిని పూజ యనుట సాంప్రదాయికులకు సమ్మతము కాదు. మంగళ, శృంగార, గ్వాల, రాజభోగ, ఉత్థాపన, భోగ, సంధ్యారతి, శయనములను ఎనిమిది వేళలుగా దినము విభజింపబడినది. ఉదయము బాలకృష్ణుని మేల్కొలుపుట, అలంకరించుట, ఆవులను మేపబోవు వేళ చిరుతిండి, మధ్యాహ్న భోజనము, పగటినిద్ర, సాయంకాలపు ఆరగింపు, ఆవుల వెంట తిరిగి వచ్చుట, నిద్రపుచ్చుట. చలికాలమున దూదిబొంతలు, కుంపటి. వేసవిని చందనము, చల్లని నీటి జల్లు. పైనుండి చూచువారికి ఇది బొమ్మలపెండ్లివలె తోచవచ్చును. కాని దీనిలో కాలమును గూర్చిన ఒక శిక్షణ యున్నది. రాత్రి శయనమైన పిదప సేవకుని మనస్సులోనుండునది ఉదయపు మంగళభోగమునకు వలసిన పాలు, వెన్న. మాఘము గడచుచుండగా, వచ్చు నెల వసంతోత్సవమునకు వలసిన వన్నెలు. భవిష్యత్తు అనునది తెలియని పెనుచీకటిగా గాక, ఒక్కొక్క పూటగా, ఒక్కొక్క పనిగా చేతికందును. దేహముతోను, విత్తముతోను చేయు సేవ పండి మానసికసేవ యగుననియు, అదియే శ్రేష్ఠమనియు 'సిద్ధాంతముక్తావళి' చెప్పుచున్నది. పని ముందు, భావము పిదప.

ఈ మార్పు ఒక కవియందు ఎట్లు జరిగినదో 'చౌరాసీ వైష్ణవన్ కీ వార్తా' చెప్పుచున్నది. అంధగాయకుడైన సూరదాసు గౌఘాటులో ఆచార్యులను దర్శించి, వారి కోరికపై పాపులలో తాను అగ్రగణ్యుడనను దైన్యపు పాటలు పాడెను. ఆచార్యులు విని, శూరుడను పేరు పెట్టుకొని ఇట్లు దీనముగా ఏడ్చుటేల, భగవల్లీలను వర్ణింపుమనిరి. తనకు లీల తెలియదని అతడనగా, స్నానము చేసి రమ్మని, మంత్రోపదేశము చేసి, దశమస్కంధమును వినిపించిరి. అంతట అతడు నందుని యింట బిడ్డ పుట్టిన ఉత్సవమును పాడెనట. సూరదాసు కవిత్వమునందు వాత్సల్యమునకు ఏర్పడిన మహోన్నతస్థానమును ఈ యొక్క సమావేశము చేతనే సమర్థించుట చరిత్రకారులకు సమ్మతము కాకపోవచ్చును. సంప్రదాయము తన్ను తాను ఎట్లు అర్థము చేసికొన్నదో దీనివలన తెలియును : ఆత్మనిందయును భయములోని భాగమే, ఒక శిశుజననమును పాడుట దానికి మందు.

సర్వసమర్పణకు ఒక అపాయమును ఉన్నది. సమర్పణ భగవంతునికి గాక గురువంశజుల పాదములకు చేరినచో, పోయిన భయము మరియొక ద్వారమున మరలి వచ్చును. 19వ శతాబ్దమున బొంబాయిలో అదియే జరిగినది. 'సత్యప్రకాశ్' పత్రికలో కర్సన్‌దాస్ మూల్జీ అను సంస్కర్త కొందరు మహారాజుల నడవడిని ఖండించి వ్రాసెను. వారిలోనొకరు పరువునష్టపు దావా వేసిరి. భక్తులు సాక్ష్యమీయరాదని కట్టుదిట్టములు జరిగినవి. 1862లో బొంబాయి సుప్రీంకోర్టు ముఖ్యాంశమున మూల్జీ పక్షముననే తీర్పు చెప్పినది. షోడశగ్రంథములను చదివినవారికి మూల్జీ మాట ఆచార్యులకు విరుద్ధముగా తోపదు. తనకొరకు భయపడు శిష్యుని కోరిన గ్రంథము వానిలో నొకటియు లేదు.

ఈ సంప్రదాయమున భయము, పలాయనము మరియొకసారి కలిసి వచ్చినవి. గోవర్ధనగిరిపై ఆచార్యులు ప్రతిష్ఠించిన శ్రీనాథజీ విగ్రహమును, ఔరంగజేబు కాలమున ఆలయధ్వంసమునకు వెరచి, వల్లభ వంశీయులు 1669లో బండిపై ఎక్కించి తరలించిరి. రెండేండ్లకు పైగా త్రోవలోనే గడచినది. ఆశ్రయమిచ్చుటకు పెక్కు సంస్థానములు వెనుదీసినవి. తుదకు మేవాడు రాణా రాజసింహుడు అభయమొసగెను. సిహాడ్ గ్రామమున బండిచక్రము భూమిలో దిగబడగా, స్వామి యచటనే యుండదలచెనని భావించి, 1672లో ప్రతిష్ఠ గావించిరి. అదియే నేటి నాథద్వారము. కాశినుండి చంపారణ్యమునకు జరిగిన పలాయనముతో దీనిని పోల్చి చూడవలెను. రెండింటను భయము యథార్థమే, పరుగు తప్పలేదు. మొదటి పరుగులో బిడ్డ వెనుక మిగిలినాడు. రెండవ పరుగు బిడ్డ కొరకే జరిగినది. త్రోవలో ఆగిన ప్రతిచోటను వేళకు భోగము, వేళకు శయనము జరుగుచునే యుండెనని సంప్రదాయము. ఇచట మతద్వేషమును చదువుకొనువారు, వల్లభుల కుమారుడైన విఠ్ఠలనాథుని శిష్యులలో రసఖానుడను మహమ్మదీయ కవిని ఇదే సంప్రదాయము లెక్కించుచున్నదని మరువరాదు. ఆచార్యుల 'కృష్ణాశ్రయము' కాలవైపరీత్యమును వర్ణించినప్పుడు కూడ, పరుల ఆక్రమణతోపాటు స్వజనులైన పండితుల అహంకారమును, లాభాపేక్షను సమముగా నిందించినది.

ఇక ఆచార్యుల అంత్యదశకు మరలవలెను. అన్ని భయములలో చివరిది అప్పటిది. 'అంతఃకరణప్రబోధము' అను గ్రంథమున వారు తమ మనస్సునే సంబోధించి మాటలాడిరి. దేహమును, దేశమును విడువుమని భగవదాజ్ఞ రెండు మారులు, గంగాసాగరమునను మధువనమునను, కలిగినను తాము పాటింపలేదనియు, మూడవ యాజ్ఞ లోకమును విడువుమనుటయనియు అందు చెప్పుకొనిరి. లోకమున ఆచార్యుడని పేరుపొందినవాడు ఇట్లు వ్రాయుట అరుదు. అచట వారు వాడిన ఉపమానము ఇంటిలోనుండి వచ్చినది. ఈడు వచ్చిన కూతురిని, ప్రేమచేత, అత్తవారింటికి పంపక తల్లిదండ్రులు తమ యొద్దనే ఉంచుకొందురు, దేహము విషయమున అట్లు చేయరాదు, అల్లుడు సంతోషింపడు. తెలుగింట అప్పగింతల వేళను చూచినవారికి ఈ మాటకు వ్యాఖ్య అవసరము లేదు. కూతురిని ఆపునదియు ప్రేమయే, పంపునదియు ప్రేమయే. పంపుటకే ఎక్కువ ప్రేమ కావలెను. పోవుచున్న యిల్లు కూడ ప్రియమైనవానిదే యను నమ్మకము కావలెను. మరణమును దండనగా గాని, శూన్యముగా గాని కాక, అత్తవారింటికి సాగనంపుటగా చెప్పిన ఈ భావన షోడశగ్రంథములలో తలమానికము.

1531లో ఆచార్యులు సన్న్యసించి, మౌనముద్రతో కాశి చేరి, హనుమాన్ ఘాట్ యొద్ద నివసించిరి. తల్లిదండ్రులు భయపడి విడిచిన పట్టణమే యది. కుమారులు గోపీనాథ విఠ్ఠలనాథులు వచ్చి, తమ కర్తవ్యమేమని యడిగిరి. ఆచార్యులు మౌనము విడువక, ఇసుకపై వ్రేలితో మూడున్నర శ్లోకములు వ్రాసి చూపి, గంగలోనికి నడచిరని సంప్రదాయము.